చుక్క, గీత, తీగ: జర్మన్ ఫీల్డ్ రేడియో మీద మీ ప్రశ్నలు

గత సంచికలో రెండో ప్రపంచ యుద్ధంనాటి జర్మన్ ఫీల్డ్ రేడియోల మీద రెండు పేజీలు వేశాం. ఉత్తరాలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే వచ్చాయి. సైన్యంలోనో నేవీలోనో చేసి వచ్చినవాళ్లు ఆ వైపు ఊరూరా ఉంటారు కాబట్టి ప్రశ్నలు కూడా గురిచూసి వేసినట్టే ఉన్నాయి. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒక్కసారే జవాబిస్తున్నాం.

ప్రశ్న: సినిమాల్లో సిపాయి వీపున పెట్టె తగిలించుకుని పరిగెడుతూనే మాట్లాడేస్తుంటాడు. జర్మన్లదీ అలాగేనా? ఒక్కడే మోసేవాడా? (రాజాం)

జవాబు: కాదు. పదాతి దళంలో బాగా వాడిన టోర్న్.ఫు.బి1 అనే వీపుసంచీ సెట్టుకి ఇద్దరు మనుషులు కావాలి. ఒక పెట్టెలో ట్రాన్స్‌మిటరు, రిసీవరు. రెండోదాంట్లో బ్యాటరీలు, హెడ్‌ఫోన్లు, మోర్సు కీ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే మీట) వగైరా. ఒక్కోటి ఇరవై కిలోలకు అటూ ఇటూ. రెండింటినీ కేబులుతో కలిపితేగానీ సెట్టు పలకదు. అంచేత బ్యాటరీ పెట్టె మోసేవాడు ఎక్కడో వెనకబడిపోతే, ముందున్నవాడి వీపు మీద ఉన్నది వట్టి బరువే.

ఇది 3 నుంచి 5 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేది. ఏరియల్లోకి వెళ్లే పవరు ఒక వాటుకంటే తక్కువ. రెండు సెల్లుల టార్చిలైటు బల్బు ఇంతకంటే ఎక్కువ తాగుతుంది. 4 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 75 మీటర్లు, అందులో పావు వంతే దాదాపు 19 మీటర్లు. వీపు మీద నిలబెట్టిన కడ్డీ ఎంత పొడుగున్నా ఆ లెక్కలో అది మొండికడ్డీయే. పైగా మనిషి కదిలినప్పుడల్లా, చెట్టుకొమ్మ తగిలినప్పుడల్లా ట్యూనింగ్ జారిపోతుంది. నడుస్తూ మాట్లాడటం కుదరదని కాదు, దూరం పోదు. అసలు పని ఆగాకే మొదలయ్యేది: పెట్టెలు దించి, కేబులు బిగించి, ఒక తీగని చెట్టుకి లాగి, దాని జతగా ఇంకో తీగని నేలబారుగా పరిచి, ఏరియల్లోకి కరెంటు ఎక్కువగా వెళ్లే చోటు దొరికేదాకా నాబ్ తిప్పి, అప్పుడు పిలవాలి.

మోర్సు కొట్టారా, మాట్లాడారా అన్నదాన్నిబట్టి దూరం మారిపోతుంది. మాట పది కిలోమీటర్లలోపు ఆగిపోయే చోట మోర్సు దానికి రెట్టింపు దాటేది. మాటలో ఉన్న పవరు వెడల్పాటి పట్టీలో పరుచుకుంటుంది, మోర్సులో సన్నటి గీత మీద పోగుపడుతుంది. రొదలో మాట మునిగిపోయినా కుయ్‌మనే స్వరం ఒకటి చెవికి అందుతుంది. యుద్ధం చివర్లో ఫెల్డ్‌ఫు.బి, "డొరెట్" లాంటి ఒంటిమనిషి సెట్లు వచ్చాయి. అవి మాట కోసమే. ఫెల్డ్‌ఫు.బి 90 నుంచి 110 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉండేది, అంటే ఈ రోజు మన ఎఫ్.ఎం. పాటలు వచ్చే చోట. దూరం మాత్రం ఊరవతల చెరువుగట్టు దాకా.

ప్రశ్న: రిసీవర్లు సూపర్‌హెట్ (వచ్చిన సిగ్నలుని ముందు ఒక స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చుకుని పెంచే రకం) అయి ఉంటాయని నా అంచనా. వాల్వు పోతే రణరంగంలో ఎక్కడ తెచ్చుకునేవారు? బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చేది? (విజయనగరం నుంచి ఒక పాత రేడియో మెకానిక్)

జవాబు: అంచనా తప్పింది, మీరు సంతోషించే రీతిలోనే. సైన్యమంతటా తిరిగిన టోర్న్.ఇ.బి రిసీవరు సూపర్‌హెట్ కాదు. రెండు ఆర్.ఎఫ్. స్టేజీలు (ఏరియల్ నుంచి వచ్చిన సిగ్నలుని పెంచే మెట్లు), ఫీడ్‌బ్యాక్ ఉన్న డిటెక్టరు (సిగ్నలులోంచి ధ్వనిని విడదీసేది, ఫీడ్‌బ్యాక్ అంటే కొంత సిగ్నలుని వెనక్కి తిప్పి మళ్లీ పెంచడం), ఆఖర్న ఒక ఆడియో స్టేజి. అంతే. సుమారు 100 కిలోహెర్ట్జ్ నుంచి 7 మెగాహెర్ట్జ్ దాకా ఎనిమిది బ్యాండ్లు. బ్యాండు మార్చాలంటే కాయిల్స్ ఉన్న డ్రమ్మునే తిప్పాలి. అందులో ఉన్నవి నాలుగు వాల్వులు, నాలుగూ ఒకటే రకం: ఆర్.వి.2.పి.800. పేరులోనే జాతకం ఉంది. 2 ఫిలమెంటు (లోపల వేడెక్కే తీగ) వోల్టులు, పి అంటే పెంటోడు (అయిదు ఎలక్ట్రోడ్ల వాల్వు), 800 సుమారుగా ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టరు. ఒక్క రకం స్పేరు దగ్గరుంటే ఏ స్టేజి పోయినా చాలు. అనుమానం ఉన్నచోట కొత్తది పెట్టి చూడటమే, వేరే పరీక్ష అక్కర్లేదు. వాల్వు తలకిందులుగా సాకెట్టు లోపలికి దిగిపోతుంది, పైకి కనిపించే బొడిపె పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. చలికి మొద్దుబారిన వేళ్లతో చేయాల్సిన పని ఇలాగే ఉండాలి. మా ఉద్దేశంలో జర్మన్ రేడియోల్లో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఈ ఒకే వాల్వు సంగతే.

ఫీడ్‌బ్యాక్ నాబే ఆపరేటరు పనితనం. మాట వినాలంటే సెట్టు ఈల వేయడానికి ఒక్క వెంట్రుకవాసి ముందు ఆపాలి, అక్కడే చెవి పదును. మోర్సుకి ఆ గీత దాటించి, లోపలి ఈలా బయటి సిగ్నలూ కలిసి స్వరం పుట్టేలా చూడాలి. బ్యాటరీ దిగేకొద్దీ ఈ గీత జరుగుతూ ఉంటుంది. నిన్న నాబు ఉన్నచోటే ఇవాళా పెట్టి "ఏమీ వినబడట్లేదు" అనేవాడు కొత్తవాడన్నమాట.

ఇక గంటలు. ఒక్కో వాల్వు ఫిలమెంటు 0.18 ఆంపియర్లు తీసుకుంటుంది, నాలుగింటికి 0.72. కిందనుండే యాసిడ్ సెల్లు పేరు 2.బి.38, అంటే 2 వోల్టులు, 38 ఆంపియర్-అవర్లు. భాగిస్తే యాభై గంటల పైచిలుకు వస్తుంది, కాగితం మీద. 90 వోల్టుల ఆనోడ్ సప్లై కోసం డ్రై బ్యాటరీ దొరక్క, 2 వోల్టుల నుంచే 90 తీసే వైబ్రేటరు తగిలిస్తే ఆ లెక్క ఇంకా పడిపోతుంది, హెడ్‌ఫోన్‌లో గుయ్‌మనే రొద కూడా కలుస్తుంది. అందుకే ఒక సెల్లు సెట్టులో, ఒకటి చార్జింగులో అన్నట్టు తిప్పుకునేవారు.

రష్యా చలిలో అసలు తంటా ఇక్కడే వచ్చింది. 1941 డిసెంబరులో మాస్కో ముంగిట మైనస్ 30 దాటిన రోజులున్నాయి. నిండుగా చార్జి అయిన సెల్లులో యాసిడ్ సాంద్రత 1.28 ఉంటుంది, అది మైనస్ 60 దాటితేగానీ గడ్డకట్టదు. దిగిపోయిన సెల్లులో సాంద్రత 1.12కి వస్తే మైనస్ 10, 11 దగ్గరే మంచు. ప్లేట్లు వంగుతాయి, డబ్బా పగులుతుంది. అంటే చలి చంపేది ఖాళీ సెల్లుని, నిండు సెల్లుని కాదు. నిండుదైనా ఆ చలిలో సగం కెపాసిటీ ఇస్తే గొప్ప. తర్వాత వచ్చిన 2.4 వోల్టుల నికెల్-కాడ్మియం సెల్లులకి ఈ బాధ తక్కువ. వాటిలోని పొటాష్ ద్రావణం సాంద్రత చార్జితోపాటు మారదు.

ప్రశ్న: ఎనిగ్మా అనే రహస్యలిపి మెషిన్ మీద టైపు చేస్తే సందేశం దానంతట అదే రేడియోలో వెళ్లిపోయేదా? ఆపరేటరు ఏం చేసేవాడో వరసగా చెప్పండి. (ఎచ్చెర్ల నుంచి ఒక ఎం.ఎస్సీ. విద్యార్థిని)

జవాబు: వెళ్లదమ్మా. ఎనిగ్మాకీ రేడియోకీ మధ్య తీగ కూడా ఉండదు. అది 12 కిలోల చెక్కపెట్టె, లోపల ఒక చిన్న బ్యాటరీ. ఒక అక్షరం నొక్కితే వేరే అక్షరం కింద బల్బు వెలుగుతుంది. వెలిగింది రాసుకుని, ఆ కాగితం ముందు పెట్టుకుని చేత్తో మోర్సు కొట్టాలి. ఒకడు నొక్కుతుంటే ఇంకొకడు బల్బులు చూసి రాయడం పద్ధతి. ఒక్కడే చేస్తే రెండింతలు టైము, నాలుగింతలు తప్పులు.

నెలకొక కీ షీటు (ఏ రోజు మెషిన్‌ని ఎలా అమర్చాలో చెప్పే పట్టిక) వచ్చేది. అందులో 31వ తేదీ పైన, 1వ తేదీ అట్టడుగున అచ్చువేసేవారు. తలకిందులుగా ఎందుకంటే, అయిపోయిన రోజు గడిని కింది నుంచి కత్తిరించి నాశనం చేయొచ్చు, కాగితం శత్రువు చేతికి చిక్కినా గడిచిన రోజులు దొరకవు. ఆ రోజు వరసలో ఏముంటుందంటే: అయిదు చక్రాల్లో ఏ మూడు, ఏ క్రమంలో (60 విధాలు), చక్రాల మీది రింగులు ఏ అక్షరం దగ్గర బిగించాలి, ముందున్న ప్లగ్‌బోర్డులో పది తీగలతో ఏ పది జంటల్ని కలపాలి, ఆ నెట్‌వర్కుని గుర్తుపట్టే మూడక్షరాల ముక్కలు. 26 అక్షరాల్లో 20 జంటకడతాయి, 6 ఒంటరిగా మిగులుతాయి.

ఇంతవరకూ అందరిదీ ఒకటే. ఇకమీదట సందేశానికొక రీతి. 1940 మే తర్వాతి పద్ధతి చెబుతున్నాం. మొదట వాక్యాన్ని తయారుచేయాలి. ఖాళీలుండవు, ఫుల్‌స్టాప్‌కి ఎక్స్, సి-హెచ్ జంటకి క్యూ, అంకెల్ని మాటల్లో రాయాలి. 250 అక్షరాలు దాటితే ముక్కలు చేయాలి. తర్వాత ఆపరేటరు తనకు తోచిన మూడు అక్షరాలు, కె-టి-పి అనుకోండి, కిటికీల్లో కనిపించేలా చక్రాలు తిప్పుతాడు. ఇంకో మూడు, ఆర్-డి-ఎమ్, ఎంచుకుని టైపు చేస్తాడు. ఏవో మూడు వెలుగుతాయి, బి-ఎక్స్-క్యూ అనుకుందాం. ఇప్పుడు చక్రాల్ని ఆర్-డి-ఎమ్ దగ్గరికి తిప్పి అసలు వాక్యం మొదలుపెడతాడు. పంపేటప్పుడు తలకట్టు ఇలా ఉంటుంది: 1840, అంటే సాయంత్రం ఆరూ నలభై, 182, అంటే అక్షరాల సంఖ్య, ఆపైన కె-టి-పి, బి-ఎక్స్-క్యూ. తర్వాత మొదటి అయిదక్షరాల గుంపులో రెండు ఉత్తుత్తివి, మూడు ఆ నెట్‌వర్కు గుర్తు. ఆ వెనక మిగతా అంతా అయిదేసి అక్షరాలుగా. అవతలివాడు అవే అడుగులు వేసి, వచ్చిన అక్షరాలు నొక్కుతూ పోతే అసలు వాక్యం వెలుగుతుంది. ఒకే మెషిన్ తాళం వేస్తుంది, తాళం తీస్తుంది.

ఏం చెడుతుంది? కీ పూర్తిగా కిందికి నొక్కాలి. చక్రం ముందు కదులుతుంది, ఆ తర్వాతే కరెంటు అందుతుంది. తొందరలో సగం నొక్కి వదిలి మళ్లీ నొక్కితే చక్రం అదనంగా ఒక మెట్టు జరిగి ఉండొచ్చు, అక్కణ్నుంచి అంతా చెత్త. ఇక్కడ ఒక తేడా గమనించండి. మోర్సులో ఒక అక్షరం తప్పు వింటే పాడయ్యేది ఆ ఒక్క అక్షరమే. ఒక అక్షరం వినకుండా వదిలేస్తే మాత్రం ఆ తర్వాతిదంతా పాడవుతుంది, ఎందుకంటే చక్రాలు ఒక మెట్టు వెనకబడ్డాయి. తెలిసినవాడు తలకట్టులోని 182తో పోల్చి లెక్కపెడతాడు. 181 ఉంటే, చదవడం చెడిన చోట ఏదో ఒక అక్షరం నొక్కి చక్రాన్ని ముందుకు తోసి కొనసాగిస్తాడు. మళ్లీ పంపమని అడగక్కర్లేదు. అడిగితే గాలిలో ఇంకో మూడు నిమిషాలు, చాటుగా వినే శత్రువుకి ఇంకో మూడు నిమిషాలు.

మిగతావి చిన్న జబ్బులు. ప్లగ్ సరిగా దిగకపోవడం, బల్బు మాడిపోవడం. మూతలో స్పేరు బల్బులుంటాయి, బల్బునీ ప్లగ్ తీగనీ పరీక్షించే చోట్లు మెషిన్ మీదే ఉంటాయి. ఎండలో బల్బు వెలుగు కనబడదని పైన పెట్టుకోవడానికి ఒక ఆకుపచ్చ రేకు కూడా ఇచ్చారు. డివిజన్‌కి కింది స్థాయిలో మాత్రం ఎనిగ్మా కంటే కాగితం, పెన్సిలుతో చేసే సైఫర్లే (రహస్య లిపులే) ఎక్కువ.

ప్రశ్న: ఎనిగ్మా అంత గట్టిదైతే దాని రహస్యం ఎలా దొరికిపోయింది? (నరసన్నపేట)

జవాబు: చక్రాల లోపలి వైరింగుని పోలండ్ గణితవేత్త మరియన్ రెయెవ్‌స్కీ 1932లోనే లెక్కకట్టాడు. 1940 మే 1 దాకా జర్మన్ సైన్యం ఆ మూడక్షరాల కీని (పై ఉదాహరణలో ఆర్-డి-ఎమ్) రెండుసార్లు టైపు చేసి పంపేది, వినేవాడికి తప్పు రాకూడదని. ఆ రెట్టింపే పోలిష్‌వాళ్లకి దారిచ్చింది. మెషిన్‌లో పుట్టుకతో వచ్చిన లోపం ఇంకోటుంది: ఏ అక్షరమూ ఎప్పుడూ తనలాగే వెలగదు. ఊహించిన వాక్యాన్ని సైఫరు కింద పెట్టి జరుపుతూ పోతే, ఒక్క అక్షరం పైనా కిందా ఒకటే అయిందంటే ఆ చోటు కాదని తేలిపోతుంది. బ్రిటన్‌లోని రహస్యలిపి కేంద్రం బ్లెచ్లీ పార్కులో చక్రాల అమరికల్ని వెతికే బాంబ్ మెషిన్ (ఇది పేలేది కాదు) 1940 మార్చిలో మొదలైంది, దానికి మేత ఈ ఊహించిన వాక్యాలే.

మాకు ఆపరేటర్ల బద్ధకం కథే ఎక్కువ ఆసక్తి. పై ఉదాహరణే తీసుకోండి, అది ఒక పెద్ద సందేశంలో మొదటి ముక్క అనుకుందాం. మొదటి ముక్క ముగిసేసరికి చక్రాలు ఎక్కడో ఆగి ఉంటాయి. రెండో ముక్కకి కొత్త మూడక్షరాలు ఆలోచించడం ఎందుకని, ఆగినచోటునే తలకట్టులో రాసేసేవారు కొందరు. చాటుగా వినే శత్రువుకి ముక్క పొడవు తెలుసు, తలకట్టులోనే ఉంది. ఆగినచోటు నుంచి అన్ని మెట్లు వెనక్కి లెక్కపెడితే మొదటి ముక్క రహస్య కీ దొరికిపోతుంది. కీబోర్డు మీద పక్కపక్కనున్న అక్షరాలు, బూతు మాటలు ఎంచుకునేవాళ్లు సరేసరి. న్యాయంగా చెప్పాలంటే పదాతి సైన్యం ఆపరేటర్లు ఎయిర్‌ఫోర్స్ వాళ్లకంటే జాగ్రత్తపరులు. బ్రిటిష్‌వాళ్లు సైన్యం కీల కోసం ఎక్కువ చెమటోడ్చారు.

ప్రశ్న: మా ఊరికీ అరకు వైపుకీ మధ్య కొండలు. ఇలాంటిచోట అరవాటు, ఒక వాటు సెట్లతో ఏం చేసేవారు? (శృంగవరపుకోట)

జవాబు: కొండని ఎదిరించరు, ఆకాశాన్ని అడుగుతారు. నిలువు కడ్డీ సిగ్నలు నేలబారున వెళ్లి కొండకి కొట్టుకుంటుంది. తీగని అడ్డంగా, నేలకి తక్కువ ఎత్తులో కడితే సిగ్నలు దాదాపు నెత్తి మీదికి పోయి, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్‌కి (రేడియో తరంగాల్ని వెనక్కి తిప్పే గాలిపొర) తగిలి గొడుగులా చుట్టూ దిగుతుంది. కొండ అటువైపు ఊరికీ, ఇటువైపు ఊరికీ ఒకేలా అందుతుంది. కొలత లెక్క సులువు: 142.5ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 4 మెగాహెర్ట్జ్‌కి 35.6, అంటే మధ్య నుంచి చెరోవైపు 17.8 మీటర్లు. రెండు తాటిచెట్లుంటే పని అయిపోయినట్టే, చెట్టు చిటారుకి ఎక్కక్కర్లేదు కూడా. నాలుగైదు మీటర్ల ఎత్తు చాలు.

రెండు పొరపాట్లు జరుగుతాయి. పగలు పలికిన ఫ్రీక్వెన్సీ అర్ధరాత్రి మూగబోతుంది, పై పొర పలచబడి సిగ్నలుని వెనక్కి పంపదు. రాత్రికి తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగాలి, అంటే పొడుగు తీగ ముందే సిద్ధంగా ఉండాలి. రెండోది తడి. వానకి నానిన తాడుతో తీగ చివర కట్టేస్తే పవరు చెట్టులోకి జారుతుంది. ఎక్కువ వోల్టేజి ఉండేది ఆ చివర్నే కాబట్టి పింగాణీ గుడ్డు లాంటి ఇన్సులేటరు తప్పనిసరి.

ప్రశ్న: మా గుంటడు ఫోన్‌లో "బి ఫర్ బాల్" అంటాడు. జర్మన్లు ఏమనేవారు? (చీపురుపల్లి)

జవాబు: బెర్తా. ఆంటన్, బెర్తా, సీజర్, డోరా, ఎమిల్ అని వరస. ఇందాక చెప్పిన టోర్న్.ఇ.బి రిసీవరు పేరు చివరున్న "బి"కి సిపాయిలు బెర్తా అని పిలుచుకున్నది ఇందుకే. 1934లో నాజీ ప్రభుత్వం ఈ జాబితాలోంచి యూదుల పేర్లనిపించిన దావీద్, నాథన్, శామ్యూల్ లాంటివి ఏరేసింది. నాథన్ పోయి నోర్డ్‌పోల్, అంటే ఉత్తరధ్రువం, వచ్చింది. అక్షరాల్ని కూడా వదల్లేదు.

ప్రశ్న: సైఫరు విప్పకపోయినా రేడియో వింటే శత్రువుకి ఏం తెలుస్తుంది? (ఆమదాలవలస నుంచి ఒక మాజీ సైనికుడు)

జవాబు: ఎవరు, ఎక్కడ, ఎంత హడావిడిగా ఉన్నారో తెలుస్తుంది. లూప్ ఏరియల్ తిప్పుతూ సిగ్నలు పూర్తిగా సన్నగిల్లే దిక్కు పట్టుకుంటారు. గట్టిగా వినబడే దిక్కు వెడల్పుగా ఉంటుంది, మాయమయ్యే దిక్కు సూదిమొనలా ఉంటుంది. రెండు మూడు చోట్ల నుంచి మ్యాపు మీద గీతలు గీస్తే, అవి కలిసేచోటే సెట్టు. కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు), ఫ్రీక్వెన్సీలు తరచూ మార్చినా ఆపరేటరు చెయ్యి మారదు. గీత కొంచెం ఎక్కువ సాగదీసేవాడు, ఫలానా అక్షరం ముందు తడబడేవాడు వినేవాడికి పాత చుట్టమే. సైనికుడిగా మీకు తెలిసే ఉంటుంది, ఒక్కసారిగా మౌనం పాటించడం కూడా సమాచారమే.

జర్మన్లకిది బాగా తెలుసు. 1914 ఆగస్టులో టానెన్‌బర్గ్ దగ్గర రష్యన్లు సైఫరు లేకుండా పంపిన ఆదేశాలు విని లాభపడ్డది వాళ్లే. "రేడియో వాడకం దేశద్రోహం" అన్న మాట వాళ్ల సిగ్నల్స్ దళంలోనే పుట్టింది. తీగ ఉన్నచోట టెలిఫోనే మాట్లాడేవారు. ఉత్తర ఆఫ్రికాలో ఆల్ఫ్రెడ్ జేబోమ్ నడిపిన 621వ కంపెనీ బ్రిటిష్ సెట్లని వింటూ అక్కడి జర్మన్ సేనాని రోమెల్‌కి కబుర్లు చేరవేసేది. 1942 జులై 10న తెల్ ఎల్ ఈసా దగ్గర ఆస్ట్రేలియన్ దళాలు ఆ కంపెనీని కాగితాలతో సహా పట్టుకున్నాయి. ఆ కాగితాలు చదివాకే బ్రిటిష్‌వాళ్లకి తమ ఆపరేటర్లు ఎంత వాగుతున్నారో అర్థమై, పద్ధతులు బిగించారు. రోమెల్ చెవి ఒకటి పోయింది.

ప్రశ్న: 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మాకు కరెంటు లేదు, సెల్లు టవర్లు లేవు. కరెంటే లేని చోట జర్మన్లు పెద్ద సెట్లు ఎలా నడిపేవారు? (పలాస)

జవాబు: బండిలో ఉన్నవైతే బండి బ్యాటరీ మీద నడిచే మోటారు-డైనమో. ట్యాంకుల్లోని 10 వాట్ల సెట్టుది 12 వోల్టుల బ్యాటరీయే. ఇంజిను ఆపి గంటలకొద్దీ వింటూ కూర్చుంటే ఆ తర్వాత ఇంజినే స్టార్టు కాకపోవడం అందులో మామూలు ప్రమాదం. 100 వాట్ల లాంటి పెద్ద సెట్లకి పెట్రోలు జనరేటరు. దాని చప్పుడు దూరం పోతుంది కాబట్టి సెట్టుకి కాస్త ఎడంగా, పల్లంలో పెట్టి పొడుగు కేబులు లాగుతారు.

వీపు మీద, గుర్రం మీద వెళ్లే 5, 15 వాట్ల సెట్లకి తొక్కుడు డైనమో. సైకిలు సీటు, పెడళ్లు, కింద మూడు కాళ్లు, గొలుసు బదులు గేర్లు. ఒకడు తొక్కుతుంటే ఒకడు కీ కొడతాడు. వేగం ఒకే తీరుగా ఉండాలి, తగ్గితే వోల్టేజి పడి స్వరం వంకర్లు పోతుంది, అవతలివాడికి సిగ్నలు ఏడుస్తున్నట్టు వినబడుతుంది. కీ పైకి లేచి ఉన్నప్పుడు పెడళ్లు తేలిగ్గా తిరుగుతాయి. కీ నొక్కగానే ట్రాన్స్‌మిటరు కరెంటు లాగుతుంది, పెడలు బరువెక్కుతుంది. చుక్కకి చిన్న బరువు, గీతకి పెద్ద బరువు. ఏం పంపుతున్నారో తెలియకపోయినా, ఎప్పుడైపోయిందో తొక్కేవాడికి కాళ్లే చెబుతాయి.